అమ్మ ఆయాసానికి పది రంధ్రాల మౌత్ ఆర్గాన్: ఆరు నెలలు వాడాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఇది మందు కాదు. సీఓపీడీని, అంటే గాలిగొట్టాలు ఇరుకైపోయి ఆయాసం తెచ్చే ఊపిరితిత్తుల జబ్బుని, ఏ మౌత్ ఆర్గానూ నయం చేయదు, పాడైపోయిన ఊపిరితిత్తులు దీనితో బాగుపడవు. అయినా ఆరు నెలల నుంచి మా అమ్మ పొద్దున్నా సాయంత్రం ఎవరూ గుర్తు చేయకుండా తనంతట తాను చేస్తున్న ఊపిరి వ్యాయామం ఇదొక్కటే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఏది కొనాలి, ఏది కొనకూడదు, ఎలా మొదలుపెట్టాలి అన్నవి మేం తప్పులు చేసి నేర్చుకున్నాం. మీ ఇంట్లో నాలుగు మెట్లెక్కితే రొప్పే పెద్దవాళ్లుంటే ఆ తప్పులు మీరు చేయొద్దు.

అమ్మకి 63. పలాస పక్కన పల్లెటూరు. జీవితంలో ఒక్క బీడీ ముట్టలేదు. మా అమ్మమ్మ మాత్రం అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం, శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్లకి ఈ మాట చెప్పక్కర్లేదు. అమ్మ పీల్చిందంతా పొయ్యి పొగే. కట్టెలు, సరుగుడు ఆకు, జీడిపిక్కల తొక్కు, ఏది దొరికితే అది. దీపం పథకం 1999లో వచ్చినా మా ఇంట్లోకి సిలిండర్ రావడానికి ఇంకా చాన్నాళ్లు పట్టింది, వచ్చాక కూడా అన్నం, పశువుల కుడితి కట్టెల పొయ్యి మీదే ఉడికేవి. నా చిన్నప్పటి అమ్మని తలుచుకుంటే చేతిలో ఊదుగొట్టం, కళ్లలో నీళ్లు, ఆ పొగలోనే దగ్గుతూ పాడే పాట, ఇవే గుర్తొస్తాయి.

చాలా ఏళ్లు అందరూ ఉబ్బసం అన్నారు. చలికాలం వస్తే పిల్లికూతలు, కళ్లె, ఒక ఇంజెక్షన్, నాలుగు మాత్రలు, మళ్లీ మామూలే. రెండేళ్ల క్రితం ఆయాసం బాగా ఎక్కువై ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినప్పుడు, కోలుకున్నాక స్పైరోమెట్రీ చేశారు. గొట్టంలోకి ఒక్కసారిగా బలంగా ఊదించే పరీక్ష అది. పీల్చే మందు వాడిన తర్వాత కూడా, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో బయటికొచ్చే గాలి 70 శాతం కన్నా తక్కువ ఉంటే గాలిగొట్టాలు ఇరుకైపోయాయని అర్థం. అమ్మకి సగం కూడా రాలేదు, జబ్బు పేరు సీఓపీడీ అన్నారు. 2021లో ప్రపంచంలో 35 లక్షల మంది ఈ జబ్బుతోనే పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంతమందిని తీసుకెళ్లిపోయే జబ్బు పేరు మా ఊళ్లో ఒక్కరికీ తెలియదు, నాకూ ఆ రోజే తెలిసింది.

ఈ జబ్బులో గాలి అందకపోవడం కన్నా గాలి బయటికి పోకపోవడం పెద్ద సమస్య అన్న సంగతి నాకు అర్థం కావడానికి కొంత టైం పట్టింది. ఊపిరి వదిలేటప్పుడు సన్న గొట్టాలు మూసుకుపోతాయి, పాత గాలి లోపలే ఉండిపోతుంది, దాని మీద కొత్త గాలి పీల్చాలంటే చోటుండదు. అప్పటికే నిండిన కుండలో ఇంకా నీళ్లు పోయడం లాంటిది. మనిషి కంగారుపడి గబగబా పీలుస్తాడు, ఇంకా నిండుతుంది, ఇంకా కంగారు. అందుకే ఫిజియోథెరపీ వాళ్లు పెదాలు సున్నాలా చుట్టి, వేడి పాలు ఊదినట్టు నెమ్మదిగా వదలమంటారు. పెదాల దగ్గర కొంచెం అడ్డు ఉంటే ఆ ఒత్తిడికి లోపలి గొట్టాలు వెంటనే మూసుకుపోకుండా కాసేపు తెరుచుకుని ఉంటాయి.

అమ్మకి ఇది చక్కగా నేర్పించారు. ఇంటికొచ్చాక మూడు రోజులు చేసింది, నాలుగో రోజు మానేసింది. ఎవరో చెప్పారని మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా కూడా తెచ్చాం. అది ప్రధానంగా గాలి లోపలికి పీల్చడానికి పనికొచ్చేది, అమ్మ కష్టమేమో గాలి వదలడంలో. పైగా రెండో బంతి లేవకపోతే పరీక్ష తప్పిన పిల్లలా ముఖం పెట్టుకునేది. వారం తిరిగేసరికి అది ఫ్రిజ్ పైకి చేరింది.

మౌత్ ఆర్గాన్ మాట మొదట చెప్పింది ఫిజియోథెరపిస్ట్ అమ్మాయే. అమెరికాలో సీఓపీడీ ఫౌండేషన్ వాళ్లు ‘హార్మోనికాస్ ఫర్ హెల్త్’ అని ఒక కార్యక్రమమే నడిపారు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లని కూర్చోబెట్టి మౌత్ ఆర్గాన్ నేర్పించడం. మిగతా వాయిద్యాల్లో వేణువైనా నాదస్వరమైనా ఊదితేనే పలుకుతాయి. ఇది ఊదినా పలుకుతుంది, పీల్చినా పలుకుతుంది. అంటే ఊపిరి రెండు వైపులా చిన్న అడ్డు మీదుగా వెళ్తుంది, పెదాలు చుట్టి వదిలే వ్యాయామం దానంతట అదే జరిగిపోతుంది, పైగా ఎంత నెమ్మదిగా వదిలావో చెవికి వినిపిస్తుంది. నాకు ఈ చివరిదే నచ్చింది.

నమ్మొచ్చా లేదా అని రాత్రిళ్లు కూర్చుని చదివాను. పాటల మీద జరిగిన పరిశోధనే ఎక్కువ. లండన్‌లో రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రి వాళ్లు సీఓపీడీ ఉన్నవాళ్లని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఎనిమిది వారాలు పాటల క్లాసులు, ఇంకో గుంపుకి అన్నాళ్లూ కలిసి సినిమాలు చూసి మాట్లాడుకోవడం పెట్టారు. నలుగురితో కలిసి కూర్చున్నందుకే బాగుందా, పాట వల్ల బాగుందా అని తేల్చడానికి ఆ సినిమాలు. ఎంత తెలివైన ఆలోచనో చూడండి. 2012లో వచ్చిన ఆ ఫలితాల్లో, ఒంటి పరిస్థితి ఎలా ఉందన్నదానికి పాడినవాళ్లు ఇచ్చుకున్న మార్కులు పెరిగాయి, సినిమా వాళ్లవి పెరగలేదు. కానీ చాలా చిన్న స్టడీ. 2017లో, వైద్య పరిశోధనలని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్లు అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ జల్లెడ పడితే నిలిచినవి మూడే, మొత్తం 112 మంది, ఆధారం బలహీనంగా ఉందని ఉన్నదున్నట్టు రాశారు. ఆ తర్వాత డెన్మార్క్‌లో పెద్దది జరిగింది, 270 మందితో, పది వారాలు. రీహాబ్‌లో, అంటే జబ్బు మనిషి మళ్లీ ఓపిక తెచ్చుకునేలా చేయించే శిక్షణలో, మామూలు వ్యాయామం చేసినవాళ్లనీ, దాని బదులు పాటలు పాడినవాళ్లనీ పోల్చారు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరు అన్న పరీక్షలో రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా మెరుగయ్యాయి. 2022లో ఇది చదివిన డాక్టర్లు ఎంత ఆశ్చర్యపోయారో గానీ నేను మాత్రం అర్ధరాత్రి లేచి కూర్చున్నాను.

లాంగ్ కోవిడ్‌తో, అంటే కోవిడ్ వచ్చి పోయాక కూడా చాన్నాళ్లు వదలని ఇబ్బందులతో ఆయాసపడేవాళ్లకి, ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా అనే లండన్ సంగీత నాటక సంస్థ, ఇంపీరియల్ కాలేజీ ఆసుపత్రుల వాళ్లు కలిసి ఆరు వారాల ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు. అందులో పాడించింది జోలపాటలు! పాట సంగీతం రానివాళ్లకి కూడా తెలిసినదై ఉండాలి, నెమ్మదిగా ఉండాలి, మనసుని కుదుటపరచాలి, జోలపాట కన్నా ఏముంటుంది. 150 మందితో చేసిన ఆ ట్రయల్‌లో మనసుకి సంబంధించిన మార్కులు మెరుగయ్యాయి, శరీరానికి సంబంధించినవి మెరుగవలేదు. ఇలా ఏది పనిచేసిందో, ఏది చేయలేదో రెండూ చెప్పినవాళ్ల మీదే నాకు నమ్మకం కుదిరింది.

మౌత్ ఆర్గాన్ మీద ఉన్నది చాలా తక్కువ. 11 మంది 12 వారాలు వాయించిన ఒక స్టడీలో ఊపిరి కండరాల బలం, నడిచే దూరం పెరిగాయి. అంతకుముందు వచ్చిన ఇంకో స్టడీలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. కాబట్టి ‘పరిశోధనల్లో రుజువైంది’ అని ఎవరైనా పెట్టె మీద రాసి అమ్మితే నమ్మకండి. పోయేదేముంది, డాక్టర్ వద్దనకపోతే ప్రయత్నిద్దాం అనుకున్నాం, డాక్టర్‌ని అడిగాం, ఆయన సరే అన్నారు.

ఇక కొనడం సంగతి. మొదట ఆన్‌లైన్‌లో 350 రూపాయలకి 24 రంధ్రాల చైనా రకం తెప్పించాను. అది నా మొదటి తప్పు. పెట్టె సీలు ఊడి ఉంది, తీసి చూస్తే రేకు అంచున తుప్పు, లోపల ఎవరి నోటి తడో ఎండిన మరక. వాపసు పెడితే ‘నోటితో వాడే వస్తువు, పరిశుభ్రత కారణాల వల్ల తిరిగి తీసుకోము’ అని మెసేజ్ వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బు మనిషి కోసం కొన్నామమ్మా అని ఫోన్లో ఎంత చెప్పినా అదే మాట. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఎవరో ఊదిన వస్తువుని సీలు లేకుండా ఇంకొకరికి పంపడం ఏ కొనుగోలుదారుడికైనా అన్యాయమే, ఇలాంటి వాళ్ల విషయంలో అది ప్రమాదం కూడా.

అది కొత్తదే అయినా అమ్మకి పనికొచ్చేది కాదని తర్వాత తెలిసింది. ఈ 24 రంధ్రాల ట్రెమోలో రకంలో ప్రతి స్వరానికీ రెండు రీడ్లు (గాలి తగిలితే కంపించి పలికే సన్న రేకులు) ఒకేసారి మోగుతాయి, ఆ వణుకుడు శబ్దం అందుకే వస్తుంది, వినడానికి తియ్యగా ఉంటుంది కానీ గాలి ఎక్కువ తాగుతుంది. గాలే లేని మనిషికి ఇది భారం.

రెండోది విశాఖలో ఒక చిన్న సంగీత వాయిద్యాల కొట్లో కొన్నాం. పది రంధ్రాలది, సి కీ (అంటే పాశ్చాత్య సి స్వరం స గా ఉండేది), లోపలి దువ్వెన, అంటే రంధ్రాలుండే మధ్య భాగం, ప్లాస్టిక్‌ది, 1,450 రూపాయలు. కొట్టాయన నోటితో ఊది చూపించలేదు. కొలిమి తిత్తి లాంటి చిన్న పెట్టె మీద దాన్ని బిగించి, తిత్తి నొక్కుతూ వదులుతూ ప్రతి రంధ్రం పలికించి చూపించాడు. ఎవరికోసం అని అడిగి, అమ్మకి అని చెప్పగానే ఇంకో రెండు తెరిచి, మూడింట్లో అతి తక్కువ గాలికే పలికేది ఏరి ఇచ్చాడు. ఇది చాలా ముఖ్యం. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా ఒకటి ఊపిరి తగిలితే పలుకుతుంది, ఒకటి గట్టిగా ఊదితే గానీ పలకదు. కాబట్టి ఆన్‌లైన్ కన్నా కొట్టుకెళ్లి కొనడమే మేలు. చెక్క దువ్వెన ఉన్నవి వద్దు, తడికి ఉబ్బుతాయి, కడగడానికి వీలుండదు.

ఇంటికి తెచ్చి చేతిలో పెడితే అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, “ఏటే ఇది, తీర్థంలో అమ్మే బూరలాగుంది” అంది. ఊదమన్నాను. “నలభై ఏళ్లు ఊదుగొట్టం ఊదేను, ఇంకా ఊదమంటావేటే?” అంది. నా దగ్గర జవాబు లేదు. పక్కన పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. పది నిమిషాలకి హాల్లోంచి సన్నగా ఒక శబ్దం, ఆగి ఇంకొకటి. పది రంధ్రాల దానిలో గొప్పదనం ఇదే, మొదటి మూడు నాలుగు రంధ్రాల మీద నోరు పెట్టి ఊదినా పీల్చినా కలిసే పలుకుతాయి, అపశ్రుతి రాదు. ఏమీ రాని మనిషి కూడా మొదటి నిమిషంలోనే వినసొంపుగా ఏదో వాయించినట్టుంటుంది.

మొదటి రెండు వారాలు పాటలేం లేవు, రైలే. మా ఊళ్లో ఇంటి వెనకే పట్టాలు, పలాసలో ఆగి బయల్దేరే రైలు చప్పుడు అమ్మకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. కింది మూడు రంధ్రాల మీద నోరు పెట్టి రెండు పీల్పు, నాలుగు ఊదుడు, రెండు పీల్పు, నాలుగు ఊదుడు. పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలని ఫిజియో చెప్పిన లెక్కే ఇది. రైలు స్టేషన్ దాటినట్టు వేగం పెంచబోతే నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపేదాన్ని, గబగబా ఊదితే కళ్లు తిరుగుతాయి, ఇది నిజంగా జరిగింది కూడా, రెండో రోజే. అప్పటి నుంచి కుర్చీలో వెనక్కి ఆనుకుని, భుజాలు వదులుగా పెట్టి, ఐదు నిమిషాలు, అంతే. అది గూడ్స్ బండి అని అమ్మే పేరు పెట్టింది.

తర్వాత స్వరాలు. సి కీ మీద నాలుగో రంధ్రం నుంచి ఏడో రంధ్రం దాకా వరసగా సరిగమపదనిస వస్తుంది, మన శంకరాభరణం. పిల్లలకి సంగీతం మొదలుపెట్టే మాయామాళవగౌళ దీని మీద మామూలుగా పలకదు, రి, ధ వేరు కదా, అది తెలియక సంగీతం పుస్తకం పట్టుకుని కూర్చుంటే విసుగొస్తుంది. కొన్న పెట్టెలో ఇచ్చిన కాగితమంతా ఇంగ్లీషు, పైగా పాశ్చాత్య స్వరలిపి. అందుకని పాత క్యాలెండర్ కాగితం వెనక స్కెచ్ పెన్నుతో పెద్దగా నేనే రాసిచ్చాను, ఊదడానికి ‘ఊ’, పీల్చడానికి ‘పీ’. 4ఊ స, 4పీ రి, 5ఊ గ, 5పీ మ, 6ఊ ప, 6పీ ధ, 7పీ ని, 7ఊ స. అమ్మ ఐదో తరగతి చదివింది, చక్కగా చూసి వాయిస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది, దీని గురించి ఎక్కడా రాయలేదు కాబట్టి చెప్తున్నాను. పైకి వెళ్లేటప్పుడు స నుంచి ధ దాకా ఊదు, పీల్చు, ఊదు, పీల్చు అని వరస తప్పకుండా నడుస్తుంది. ధ తర్వాత ని కూడా పీల్పే. వరసగా రెండు పీల్పులు. మనకి తెలియను కూడా తెలియదు, కానీ లోపల గాలి ఇరుక్కున్న మనిషికి అక్కడ ఛాతీ బిగుసుకుపోతుంది. అమ్మ ప్రతిసారీ సరిగ్గా అక్కడే ఆగి గుండె మీద చెయ్యి పెట్టుకునేది, మూడు రోజులు నాకు కారణం అంతుపట్టలేదు. ఫిజియో చూసి, ధ అయ్యాక నోరు తీసేసి ఆ గాలంతా మెల్లగా వదిలేసి అప్పుడు ని అందుకోమంది. అంతే, సర్దుకుంది. మీరూ ఇలాగే చేయండి, లేదా ప దాకా వెళ్లి వెనక్కి వచ్చేయండి.

నెలన్నర దాటాక ఒక సాయంత్రం అమ్మ వాయించిన వరస నాకు ఎక్కడో విన్నట్టనిపించింది. అడిగితే దంపుళ్ల పాట అంది. పెళ్లికి ముందు వాళ్లింట్లో వడ్లు దంచేటప్పుడు ఇద్దరు ఆడవాళ్లు రెండు వైపులా నిలబడి రోకలి పైకెత్తేటప్పుడు ఊపిరి పీల్చి, వేసేటప్పుడు ‘హుఁ’ అని వదులుతూ పాడేవారట. “ఊపిరి తప్పితే రోకలి కాలి మీద పడిపోద్ది” అంది. మన పాత ఆడవాళ్లకి ఊపిరిని పాటతో పట్టి ఉంచడం తెలుసు, డెన్మార్క్ వాళ్లు పది వారాలు నేర్పించిన దానికి మూలం మా అమ్మ దగ్గర అప్పటికే ఉంది. ఆ రోజు వాయించడం ఆపి రెండు చరణాలు పాడింది కూడా. మధ్యలో మూడుసార్లు ఆగింది, అయినా చివరిదాకా పాడింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మ గొంతులో పాట వినడం అదే మొదటిసారి. నేను వంటింట్లోనే నిలబడిపోయాను.

ఇప్పుడు లెక్కలు. ఆరు నెలల తర్వాత స్పైరోమెట్రీ అంకెలు మారలేదు, మారవని ముందే చెప్పారు. ఆరు నిమిషాల నడక 235 మీటర్ల నుంచి 270కి వచ్చింది, 30 మీటర్ల దాకా పెరిగితే అది లెక్కలోకి వచ్చే మార్పే అన్నారు. జబ్బు రోజువారీ జీవితాన్ని ఎంత ఇబ్బంది పెడుతోందో కొలిచే ఎనిమిది ప్రశ్నల పరీక్షలో 40కి 24 ఉండేది, 17కి తగ్గింది, అందులో ఎంత తగ్గితే అంత మంచిది. ఇదంతా మౌత్ ఆర్గాన్ గొప్పే అంటే అబద్ధం అవుతుంది. ఇన్‌హేలర్‌ని స్పేసర్‌తో (మందు నెమ్మదిగా పీల్చుకోవడానికి దానికి తగిలించే గొట్టం) సరిగ్గా వాడటం నేర్చుకుంది, అపార్ట్‌మెంట్ కారిడార్‌లో రోజూ నడుస్తోంది, ఫ్లూ టీకా వేయించాం. కానీ ఆయాసం వచ్చినప్పుడు వచ్చే ఆ భయం తగ్గింది, అది మాత్రం దీనివల్లే అని నా గట్టి నమ్మకం. ఇంతకుముందు రొప్పు మొదలైతే నా చెయ్యి పట్టుకుని కళ్లు పెద్దవి చేసేది. మొన్న సింహాచలంలో మెట్ల దగ్గర రొప్పు వస్తే కూర్చుని, పెదాలు చుట్టి, వేళ్లతో తొడ మీద గూడ్స్ బండి తాళం వేస్తూ తనంతట తానే కుదుటపడింది. టెన్షన్ పడింది నేనే.

శుభ్రం విషయంలో బద్ధకం అస్సలు పనికిరాదు. 2016లో థొరాక్స్ అనే వైద్య పత్రికలో బ్రిటన్ ఆయన ఒకరి కేసు వచ్చింది, రోజూ బ్యాగ్‌పైప్ వాయించేవాడు, దానిలో పెరిగిన బూజు వల్లే ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయి ఉంటాడని డాక్టర్లు రాశారు. ఆయన వాయిద్యం వదిలి మూడు నెలలు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు మాత్రం బాగా తేరుకున్నాడట. అది చదివాక మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. వాయించే ముందు నోరు పుక్కిలించాలి, అన్నం మెతుకు రీడ్‌లో ఇరుక్కుంటే ఆ స్వరం పోయినట్టే. అయ్యాక రంధ్రాలు కిందికి పెట్టి అరచేతి మీద నాలుగుసార్లు తట్టి, పొడి గుడ్డతో తుడిచి, గాలి తగిలేలా ఆరనివ్వాలి, తడి మీద డబ్బాలో పెట్టి మూసేయకూడదు. వారానికోసారి గోరువెచ్చని నీళ్లలో కడుగుతాం, మరిగే నీళ్లు వద్దు. ఒకరిది ఇంకొకరు ఊదకూడదు, మనవరాలు ఏడ్చినా సరే, దానికి వేరేది కొనిచ్చాం. జలుబు, జ్వరం, కళ్లె రంగు మారడం, ఆయాసం మామూలుకన్నా పెరగడం, ఇందులో ఏది కనబడినా మౌత్ ఆర్గాన్ పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఛాతీకి ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, రక్తం పడుతున్నవాళ్లు అడగకుండా అసలు ముట్టుకోవద్దు.

వస్తువు మన్నిక గురించి కూడా ఒక మాట. ఆరు నెలలకి మూడో రంధ్రం పీల్పు కొంచెం మందగించింది, కొట్టుకి తీసుకెళ్తే పై రేకు మరలు విప్పి, రీడ్ కింద ఇరుక్కున్న దారప్పోగు తీసి బాగుచేసి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఆ దారం అమ్మ చీర కొంగుది, కొంగుతోనే తుడుస్తోంది మరి. ఇప్పుడు విడిగా ఒక జేబురుమాలు ఇచ్చాను.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది ఆ ఇంగ్లీషు కాగితానికి. ఇంత అమ్ముతున్నారు, తెలుగులో ఒక్క పేజీ వేయించలేరా. అమ్మ క్యాలెండర్ కాగితం మడతల దగ్గర చిరిగిపోతోంది, ఈ ఆదివారం అట్ట మీద కొత్తది రాసివ్వాలి, ఈసారి దంపుళ్ల పాట కూడా వేసి ఇమ్మంది.